మీల్‌మేకర్ కూరకు భయం వద్దు, సోయా మాత్రకు తొందర వద్దు

ఈ నెల ఉత్తరాల్లో సోయా మీద వచ్చినవే ఎక్కువ. నల్లగొండలో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కూడా ఈమధ్య సంచిలోంచి సోయా మాత్రల డబ్బా తీసి బల్ల మీద పెడుతున్నారు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. సోయా గింజలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది జెనిస్టీన్. ఆశలైనా భయాలైనా ఎక్కువగా దాని చుట్టే తిరుగుతున్నాయి.

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 41 ఏండ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. అయిదేండ్ల కింద తెల్లబట్ట ఎక్కువైతుంటే, ఉంచితే క్యాన్సర్ అయితదని చెప్పి ఆపరేషన్ చేసిన్రు. గర్భసంచితోపాటు అండాశయాలు రెండూ తీసిన్రని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఒళ్లంతా సెగలు పుట్టి చెమటలు పోస్తయి. రాత్రి నిద్ర లేదు. నడుము, మోకాళ్లు గుంజుతయి. పత్తి ఏరనీకి వంగితే లేవలేకపోతున్న. హైదరాబాద్‌ల పనిచేసే మా కొడుకు సోయా ఐసోఫ్లేవోన్ మాత్రలు తెప్పించిండు. డబ్బా మీద సహజమైన హార్మోన్ అని రాసుందట. మా తోడికోడలేమో సోయాతోని రొమ్ము క్యాన్సర్ వస్తదంటది. ఏసుకోవాల్నా, వద్దా?
– ఒక సోదరి, దేవరకొండ ప్రాంతం

జవాబు: అమ్మా, మాత్ర సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతికి పెట్టండి. అండాశయాలు రెండూ తీశారా, ఒకటి ఉంచారా అన్నది అందులో రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం మీదే మీకు ఇవ్వాల్సిన వైద్యం ఆధారపడి ఉంటుంది. తెల్లబట్టకు పరీక్ష చేసి మందులిస్తే చాలావరకు తగ్గుతుంది. దానికోసం 36 ఏండ్ల మనిషికి గర్భసంచి, అండాశయాలు తీసేయడం నన్ను ఇన్నేండ్లుగా బాధపెడుతున్న విషయం. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, మన తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. ఇది చదివే అక్కచెల్లెళ్లు ఎవరైనా ఆపరేషన్‌కు సిద్ధమవుతుంటే, సంతకం పెట్టే ముందు ఇంకో డాక్టర్‌కు చూపించుకోండి. ‘అండాశయాలు ఉంచుతారా?’ అని గట్టిగా అడగండి.

మన దేశంలో ఆడవాళ్లకు సహజంగా నెలసరి ఆగే వయసు సగటున 46, 47 ఏండ్లు. అదీ మెల్లమెల్లగా ఆగుతుంది. మీకు ఒక్క పూటలో ఆగిపోయింది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఒంట్లో ఉన్నట్టుండి పడిపోయింది. సెగలు, నిద్ర పట్టకపోవడం దానివల్లే. పైకి కనిపించని నష్టం ఎముకకు, గుండెకు. ఇంత చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్లకు, వేరే అడ్డంకులు లేకపోతే, కనీసం 50 ఏండ్ల దాకా ఈస్ట్రోజన్ మందుగా ఇవ్వాలన్నదే వైద్యశాస్త్రం చెబుతున్న మాట. మీకు గర్భసంచి లేదు కాబట్టి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. రెండో హార్మోన్ (ప్రొజెస్టరోన్) అవసరం రాదు.

హార్మోన్ పేరు వింటేనే మనవాళ్లు భయపడతారు. హార్మోన్ వైద్యం మీద అమెరికాలో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి, ఆ భయానికి మూలం అదే. అందులో చేరిన ఆడవాళ్ల సగటు వయసు 63. మీకు 41. పైగా అదే పరీక్షలో గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం, రక్తం గడ్డకట్టడం కొంత పెరిగాయి. అందుకే బీపీ చూసి, కాళ్లలో రక్తం గడ్డలు కట్టిన చరిత్ర ఉందా, ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఉందా అని అడిగి, లివర్ పరీక్ష చూసి మొదలుపెడతాం. చర్మానికి రాసే జెల్, అంటించే ప్యాచ్ కూడా ఉన్నాయి. మాత్రతో పోలిస్తే వాటితో గడ్డకట్టే భయం తక్కువ.

ఇప్పుడు మీ కొడుకు తెచ్చిన డబ్బా. కన్నతల్లి బాధ చూడలేక తెప్పించాడు, ఆ పిల్లవాడిని ఏమీ అనకండి. జెనిస్టీన్ అణువు ఆకారం మన ఒంట్లోని ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్‌ను పోలి ఉంటుంది. అందుకే ఆ హార్మోన్ కూర్చునే గ్రాహకాల మీద ఇది కూడా పోయి కూర్చుంటుంది. ఆ గ్రాహకాలు రెండు రకాలు, ఆల్ఫా, బీటా. జెనిస్టీన్‌కు బీటా మీద మక్కువ ఎక్కువ. రొమ్ములో, గర్భసంచిలో కణాలు పెరగమని గట్టిగా చెప్పే ఆల్ఫా మీద దీని పట్టు తక్కువ. అంటే ఇది హార్మోన్ పనిని కొన్ని చోట్ల కొద్దికొద్దిగా చేస్తుంది, అంతే. డబ్బా మీద ‘సహజ హార్మోన్’ అని రాయడం తప్పు. మీరు పోగొట్టుకున్న దాన్ని ఇది పూడ్చలేదు.

సెగలకు పనిచేస్తుందా అంటే, కొంతవరకు. 2012లో అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ కలిపి లెక్కగట్టారు. రోజుకు సుమారు 54 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు, ఆరు వారాల నుంచి ఏడాది దాకా వాడినవాళ్లకు, మందు లేని ఉత్తి మాత్ర వాడినవాళ్ల కంటే సెగలు అయిదో వంతు ఎక్కువగా తగ్గాయి. ఈస్ట్రోజన్ వైద్యంతో నాలుగింట మూడు వంతులు తగ్గుతాయి. తేడా చూడండి. ఇంకో సంగతి కూడా ఉంది. సోయాలో జెనిస్టీన్‌తోపాటు డైడ్‌జీన్ అనే ఇంకో ఐసోఫ్లేవోన్ ఉంటుంది. కొందరి పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని ఈక్వోల్ అనే బలమైన పదార్థంగా మారుస్తాయి. పాశ్చాత్య దేశాల్లో నలుగురిలో ఒకరికే ఆ సూక్ష్మజీవులు ఉంటాయి. జపాన్‌లో సగం మందికి పైగా ఉంటాయి. పక్కింటావిడకు ఫలించిన మాత్ర మీకు ఫలించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఎముకల మాటకొస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. 2007లో వచ్చిన ఇటలీ పరీక్షలో ఎముక పలచబడ్డ ఆడవాళ్లకు రోజుకు 54 మిల్లీగ్రాముల శుద్ధ జెనిస్టీన్‌ను కాల్షియం, విటమిన్ డి తోపాటు రెండేండ్లు ఇస్తే ఎముక సాంద్రత పెరిగింది. అమెరికాలోని మయామీలో 248 మందితో రెండేండ్లు చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో సోయా మాత్ర వాడినవాళ్లకు రోజుకు 200 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఇచ్చారు. ఎముక అరగడం ఏమాత్రం ఆగలేదు. పైగా వాళ్లలోనే సెగలు, మలబద్ధకం ఎక్కువ కనిపించాయి. ఇలాంటి మాత్ర మీద మీ వెన్నుపూసను వదిలేయమని నేను చెప్పలేను.

మీది దేవరకొండ వైపు కదా, ఎముకల దగ్గర నేను కాసేపు ఆగాలి. చిన్నప్పటినుంచి ఏ నీళ్లు తాగారు? కృష్ణా నీళ్లు ఇంటి నల్లాకు రాకముందు మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, దేవరకొండ వైపు బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి చాలా చోట్ల ఉండేది. ఫ్లోరైడ్ ఎముక స్ఫటికంలోకి చేరి దాన్ని చిక్కగా చేస్తుంది, కానీ పెళుసుగా మారుస్తుంది. కండరాలు, కీళ్ల దగ్గరి పట్టీలు కూడా గట్టిపడి సున్నం పడతాయి. వంగితే లేవలేకపోవడం, నడుము బిగుసుకుపోవడం అన్నారు గనుక ఈ అనుమానం నాకుంది. ఇలాంటివాళ్లకు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీస్తే సాంద్రత బాగా ఉన్నట్టే వస్తుంది. ఆ అంకె చూసి ఎముక బలంగా ఉందనుకుంటే మోసపోతాం. కాబట్టి డాక్టర్‌కు మీ ఊరి నీళ్ల సంగతి మీరే చెప్పండి. నడుము, ముంజేయి ఎక్స్‌రేలు, విటమిన్ డి, కాల్షియం పరీక్షలు అడగండి. తాగడానికి, వంటకు రెండింటికీ నల్లా నీళ్లే వాడండి. వంటకు బోరు నీళ్లు పోసి, తాగేది మాత్రం వేరే అనుకునే ఇండ్లు నేను చాలా చూశాను. రాగి జావ, పెరుగు, నువ్వులు రోజూ తినండి. నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

మీ తోడికోడలి భయానికి జవాబు కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది. డబ్బాను మాత్రం పక్కన పెట్టి, ఆపరేషన్ కాగితంతో స్త్రీల డాక్టర్‌ను కలవండి. ఒకవేళ మీకు హార్మోన్ పడదని తేలితే అప్పుడు ఈ మాత్ర గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా డబ్బా మీద చిన్న అక్షరాలు చదివించుకోండి. ‘సోయా ఎక్స్‌ట్రాక్ట్ 500 మిల్లీగ్రాములు, 40 శాతం ఐసోఫ్లేవోన్లు’ అని ఉంటే ఒక్క మాత్రలోనే 200 మిల్లీగ్రాములు ఉన్నట్టు. సోయా మామూలుగా తినే జపాన్, చైనావాళ్లకు రోజంతా తిండిలో సగటున అందేది 25 నుంచి 50 మిల్లీగ్రాములే.

గర్భసంచి ఉన్న అక్కలకు ఒక మాట. 2004లో వచ్చిన ఇటలీ పరీక్షలో రోజుకు 150 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్ల చొప్పున అయిదేండ్లు వాడినవాళ్లలో కొందరికి గర్భసంచి లోపలి పొర మందమైంది. నెలసరి ఆగాక ఈ మాత్రలు వాడుతుండగా చుక్క రక్తం కనిపించినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ మాత్రలు వాడనివాళ్లకూ ఇదే మాట.

ప్రశ్న: మేడమ్, నాకు 23. జడ్చర్ల దగ్గర కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తూ జిమ్‌కు పోతున్న. చికెన్ రోజూ కొనలేక మీల్‌మేకర్ 50 గ్రాములు తింటున్న. అది తింటే మగవాళ్లకు రొమ్ములు పెరుగుతాయని, మగతనం తగ్గుతదని రూమ్మేట్లు అంటున్నరు. నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: కాదు తమ్ముడూ. నూనె తీసిన సోయాపిండితో చేసే మీల్‌మేకర్‌లో సగం ప్రొటీనే. యాభై గ్రాములకు సుమారు 25 గ్రాములు అందుతుంది. నీ జీతానికి ఇంత మంచి ప్రొటీన్ ఇంకోటి దొరకడం కష్టం. 2010లో మగవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూశారు, సోయా వల్ల టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తగ్గలేదు. రొమ్ములు పెరిగిన కేసు ఒకటి 2008లో వైద్య పత్రికలో వచ్చిన మాట వాస్తవమే. ఆయన 60 ఏండ్ల అమెరికన్, రోజుకు మూడు లీటర్లకు కొంచెం తక్కువ సోయాపాలు తాగేవాడు. మానేశాక బాధ తగ్గింది.

ఈ భయం పుట్టింది మనుషుల్లో కూడా కాదు, గొర్లలో. 1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్లు చూలు నిలవక ఇబ్బంది పడ్డాయి. ఆ గడ్డిలోని ఐసోఫ్లేవోన్ గొర్రె కడుపులో ఈక్వోల్‌గా మారుతుంది, అవి నెలల తరబడి దాదాపు అదే మేశాయి. పాలమూరులో మందలు కాసిన ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, గొర్రె రోజంతా ఎంత గడ్డి మేస్తుందో. బగారా అన్నంలో నాలుగు మీల్‌మేకర్ ముక్కలకు దానితో పోలిక లేదు.

ముక్కలను ఉడికించి, గట్టిగా పిండి, రెండోసారి కడిగి వండుకో. కడుపుబ్బరం తగ్గుతుంది. వారమంతా అదొక్కటే కాకుండా గుడ్లు, పప్పు, పల్లీలు కూడా కలుపుకో. రాత్రి షిఫ్టు చేసినవాడివి, నిద్ర చెడితే కండ పెరగదు. దాని గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, జబ్బు తిరగబెట్టకుండా ఇప్పుడు టమాక్సిఫెన్ మాత్ర వాడుతోంది. జెనిస్టీన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని ఒక పరిశోధనలో చదివాను. అదే జెనిస్టీన్ గడ్డను పెంచుతుందని, టమాక్సిఫెన్‌ను పనిచేయనీయదని ఇంకోదాంట్లో ఉంది. రెండూ మంచి పత్రికల్లోనే వచ్చాయి. అమ్మకు సోయా పెట్టాలా, పూర్తిగా మాన్పించాలా అర్థం కాక భయమేస్తోంది.
– ఒక విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: బిడ్డా, నువ్వు చదివిన రెండూ నిజమే. రెండింటిలోనూ వాడిన మోతాదు ఎంతో మళ్లీ పోయి చూడు. నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఎమ్‌సీఎఫ్-7 అనే కణాల పేరు నువ్వు చూసే ఉంటావు. 1970లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతున్న ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి వాటిని తీసి పెంచారు. ఈస్ట్రోజన్ తగిలితే పెరిగే కణాలు అవి. వాటి మీద జెనిస్టీన్‌ను సుమారు 10 మైక్రోమోలార్ (ద్రవంలో పదార్థం ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత) కంటే తక్కువ వేస్తే ఈస్ట్రోజన్ లాగా పనిచేసి కణాలు పెరుగుతాయి. దాన్ని మించి పోస్తే పెరుగుదల ఆగి, కణాలు చనిపోతాయి. ఆ పెద్ద మోతాదులో పనిచేసేది వేరే దారి. 1987లో జపాన్ శాస్త్రవేత్తలు జెనిస్టీన్ టైరోసిన్ కైనేజ్ ఎంజైములను అడ్డుకుంటుందని చూపించారు. కణానికి పెరగమని కబురు మోసే ఎంజైములు అవి. కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ చిక్కులు విప్పే టోపోఐసోమరేజ్-2ను కూడా ఇది దెబ్బతీస్తుంది. ప్రయోగశాలల్లో జెనిస్టీన్‌కు ఇంత పేరు రావడానికి కారణం ఇదే. ఏటేటా కొత్త పరిశోధనలు వచ్చేదీ అందుకే.

మరి మనిషి రక్తంలో ఎంత ఉంటుంది? సోయా బాగా తిన్నాక మొత్తం జెనిస్టీన్ కొన్ని మైక్రోమోలార్ల దాకా పోతుంది. అందులో కూడా అత్యధిక భాగం పేగు గోడలో, కాలేయంలో గ్లూకురోనైడ్ అనే, గ్రాహకం మీద కూర్చోలేని రూపంలోకి మారిపోయి తిరుగుతుంది. గ్రాహకం మీద కూర్చోగల ఒంటరి జెనిస్టీన్ అందులో చాలా చిన్న పాలు. గాజుపళ్లెంలో 50, 100 మైక్రోమోలార్లు పోసి చూసిన ఫలితాన్ని మీ అమ్మ ఒంటికి అన్వయించడం, చెంబు నీళ్లలో వేసిన ఉప్పు రుచిని చెరువులో వెతకడం లాంటిది. కాబట్టి ‘క్యాన్సర్‌ను చంపుతుంది’ అన్న మాట నమ్మి మందు మాన్పించడం మాత్రం ఎప్పటికీ చేయొద్దు. అలా మానేసి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

గడ్డను పెంచింది అన్న రెండో పరిశోధన ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోది అయి ఉంటుంది. అండాశయాలు తీసి, రోగనిరోధక శక్తి సరిగా లేని జాతి ఎలుకలకు ఎమ్‌సీఎఫ్-7 గడ్డలు నాటి, తిండిలో జెనిస్టీన్ కలిపారు. గడ్డలు పెరిగాయి. 2002లో టమాక్సిఫెన్ ప్రభావాన్ని కూడా అది తగ్గించిందని చూపించారు. ఆ పని శ్రద్ధగా చేసిందే, దాన్ని తీసిపారేయలేను. అయితే ఎలుక రక్తంలో గ్లూకురోనైడ్‌గా మారని జెనిస్టీన్ పాలు మనిషి కంటే చాలా ఎక్కువ. పైగా కలిపింది సోయా తిండి కాదు, శుద్ధి చేసిన జెనిస్టీన్.

మనుషుల్లో ఏం జరిగిందో చెప్పేది షాంఘై పరిశోధన. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది చైనా ఆడవాళ్లను వెంట ఉండి గమనించారు, ఫలితాలు 2009లో వచ్చాయి. సోయా తిండి ఎక్కువ తిన్నవాళ్లలో మరణాలు, జబ్బు తిరగబెట్టడం రెండూ సుమారు 30 శాతం తక్కువ. టమాక్సిఫెన్ వాడేవాళ్లలో కూడా నష్టం కనిపించలేదు. ఇది గమనించి చెప్పిన లెక్క గనుక సోయానే కాపాడిందని నేను అనను. సోయా బాగా తినేవాళ్ల మిగతా అలవాట్లు కూడా బాగుండవచ్చు. కానీ వేల మంది ఆడవాళ్లు టోఫు, సోయాపాలు తింటూ క్యాన్సర్ మందులు వాడితే కీడు జరగలేదు అన్నంత వరకు నాకు ధైర్యం ఉంది.

కాబట్టి వారంలో రెండు మూడుసార్లు మీల్‌మేకర్ కూర, ఇష్టమైతే ఒక గ్లాసు సోయాపాలు అమ్మకు పెట్టు. టమాక్సిఫెన్ ఒక్క పూట కూడా తప్పనీయకు. జెనిస్టీన్ మాత్రలు, ఐసోఫ్లేవోన్ క్యాప్సూల్స్, ‘ఆడవాళ్ల బలానికి’ అని అమ్మే సోయా గాఢత పొడులు మాత్రం ఇంట్లోకి రానీయొద్దు. షాంఘైలో చూసింది తిండిని. అలాంటి మాత్రలు ఏండ్ల తరబడి వేసుకున్న క్యాన్సర్ రోగుల మీద అంత భరోసా ఇచ్చే ఆధారం లేదు. టమాక్సిఫెన్ వాడుతున్నప్పుడు యోని నుంచి రక్తం కనిపించినా, పిక్కలో వాపు, నొప్పి వచ్చినా వెంటనే చూపించాలని అమ్మకు చెప్పు. ఇంట్లో ఆ సంగతి అడగగలిగేది నువ్వే.

దేవరకొండ అక్క తోడికోడలికి కూడా ఇదే జవాబు. కూరగా తిన్న సోయాతో రొమ్ము క్యాన్సర్ వస్తుందని చూపిన ఆధారం మనుషుల్లో లేదు. 2015లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా నెలసరి ఆగే వయసు ఆడవాళ్లలో మాత్రల మోతాదును పరిశీలించి, రొమ్ముకు, గర్భసంచికి, థైరాయిడ్‌కు కీడు చేస్తుందన్న రుజువు కనబడలేదని చెప్పింది. అది రొమ్ము క్యాన్సర్ లేనివాళ్ల గురించి చెప్పిన మాట.

ప్రశ్న: నా భార్యకు 35 ఏండ్లు, థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటుంది. సోయా తింటే థైరాయిడ్ పెరుగుతుందని విని మీల్‌మేకర్ మానేసింది. పిల్లలకు వండినా తను ముట్టదు. ఇది అవసరమేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మానేయాల్సిన పని లేదండీ, వేళ పాటిస్తే చాలు. జెనిస్టీన్ థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని 1997లో ప్రయోగశాలలో చూశారు. ఒంట్లో అయోడిన్ సరిపడా ఉంటే మనుషుల్లో దీనివల్ల పెద్ద తేడా రావడం లేదు. కాబట్టి ఇంట్లో అయోడైజ్డ్ ఉప్పే వాడండి. మీ భార్య విషయంలో అసలు చూడాల్సింది మాత్ర ఒంటబట్టడం. సోయా ప్రొటీన్ పేగులో ఆ మందును పట్టుకుని, అందులో కొంత ఒంటికి చేరకుండా చేస్తుంది.

పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో, మంచినీళ్లతోనే మాత్ర వేసుకోమనండి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా టీ కూడా వద్దు. మీల్‌మేకర్, సోయాపాలు మధ్యాహ్నమో రాత్రో తింటే నాలుగు గంటల ఎడం దానంతట అదే వస్తుంది. ఐరన్, కాల్షియం మాత్రలకు కూడా ఇదే ఎడం పాటించాలి. సోయా ఇన్నాళ్లూ మానేసి ఇప్పుడు మళ్లీ మొదలుపెడుతున్నారు గనుక, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష చేయించండి. అంకె మారితే డాక్టర్ మాత్ర మోతాదు సరిచేస్తారు, మీరే ఎక్కువ తక్కువ చేయకండి. ఆమె గర్భంతో ఉన్నా, పిల్లల కోసం చూస్తున్నా ఎనిమిది వారాలు ఆగకుండా ఇప్పుడే పరీక్ష చేయించండి.